సిరామిక్ కత్తి మొన

పుంగనూరు, 12-8-2007

కుప్పం నుంచి తోడికోడలు లత వచ్చి ఒక కత్తి ఇచ్చిపోయింది. కత్తంతా తెల్లగా ఉంది. ఇనుము కాదట, సిరామిక్ అట. తుప్పు పట్టదు, సాన పట్టే పనిలేదు అంది. ఎప్పుడూ ఒక గ్లాసు కూడా తేని మనిషి కత్తి ఎందుకు తెచ్చినట్టు? పైగా చేతికే ఇచ్చింది. గొడవలు రాకుండా కత్తిని కింద పెట్టి ఇవ్వాలని ఆమెకు తెలీదా?

13-8

టమాటాలు కోశాను. నిజం చెప్పాలంటే బాగుంది. నలగకుండా పల్చగా తెగాయి. నిమ్మకాయ కోసి కడక్కుండా వదిలేసినా మరక పడలేదు. అత్తకు మాత్రం నచ్చలేదు. "బరువే లేదు, ఇదేం కత్తమ్మా" అంది.

లత మీద అనుమానం అట్లే ఉంది.

15-8, ఉదయం 8

కుళాయి దగ్గర్నుంచి వచ్చేసరికి అత్త కొబ్బరి చట్నీ రుబ్బి మూత పెట్టేసింది. "పులిసిపోయింది, ఎవరూ తినొద్దండి" అంది. అప్పుడే రుబ్బింది పులుస్తుందా? నా నాలుగేళ్ల కూతురు శ్వేత అప్పటికే ఒక దోసె అద్దుకుని తినేసిందట.

అదే రోజు, 11

పెరట్లో అత్త ఆ చట్నీనే ఒక్కతే కూర్చుని తింటోంది. కాస్త కాస్త నాలుక మీద పెట్టుకుని, నోట్లో చాలాసేపు తిప్పి మింగుతోంది. నన్ను చూసి గిన్నె కొంగు కింద దాచింది. నాకు ఒళ్లు మండింది.

16-8

అత్త మాట్లాడటం లేదు. అన్నం వద్దని తల ఊపుతోంది. మజ్జిగ మాత్రం దిగుతోంది. చూశానని కోపం కాబోలు. ఉండనీ.

17-8, ఉదయం

బియ్యం డబ్బా వెనక కత్తి దొరికింది. మొన లేదు. గోరంత ముక్క విరిగిపోయింది.

ఇట్టే అర్థమైంది. మా అత్త టెంకాయ కొట్టేది ఎప్పుడూ కత్తి వెనక వైపుతోనే, కొబ్బరి పెకలించేది దాని మొనతోనే. ఇనుము కాబట్టి ఇన్నేళ్లూ తట్టుకుంది. ఇది గాజులా పుటుక్కుమని ఉంటుంది. తెల్ల కొబ్బరిలో తెల్ల ముక్క. శ్వేత తిన్న దోసె గుర్తొచ్చింది.

అత్తను అడిగాను. నా బిడ్డను చంపుతావా అని అరిచాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మదనపల్లెకు పోయి పాపకు ఎక్స్‌రే తీయించాలి.

17-8, సాయంత్రం

బస్టాండుకు అత్త వెనకాలే వచ్చింది. కొంగు ముడి విప్పి నా అరచేతిలో తెల్ల ముక్క పెట్టింది. డాక్టరుకు చూపిద్దామని సంచిలో పెట్టుకున్న కత్తి తీసి ఆనించి చూశాను. సరిగ్గా అతికింది.

"పాప తినిండేదాంట్లో పోయిందేమోనని బయమైంది. మిగిలిండేదంతా ఎతికినా. కంటికి కనపడల్యా. నాలిక్కి తెలుస్తాదని తిన్యా" అంది, నత్తినత్తిగా. దొరికినప్పుడే ఎందుకు చెప్పలేదన్నాను. "సెప్తే నువ్వు నమ్ముతావా" అంది. నోరు తెరిచి చూపించింది. నాలుక పక్కన లోతుగా తెగి, వాచి ఉంది.

మదనపల్లెకు పోయాం. ఎక్స్‌రేకు కాదు, అత్త నాలుకకు.

18-8

రాగి జావ చల్లార్చి అత్తకు ఇచ్చాను. తాగకుండా గ్లాసు నా వైపు తోసింది. వేడి చూడమనో, జావలో ఏదైనా ఉందేమో చూడమనో. అడిగే ముఖం నాకు లేదు.

ముందు నేనే ఒక గుక్క తాగి చూపించాను.