ఎడమ తలుపు పసుపు

జూన్ 3, మధ్యాహ్నం

దొరికింది! ఆన్‌లైన్ వేలంలో 'పాత కారు, నడవదు, స్క్రాప్' అని పెట్టాడు ఎవరో మహానుభావుడు. మోడల్ పేరు కూడా రాయలేదు. ఫొటో చూడగానే గుర్తుపట్టాను. మడ్‌గార్డులతో సహా ఒకే ముక్కగా ముందుకు ఒరిగే బానెట్. రెండే తలుపులు. స్టాండర్డ్ హెరాల్డ్. నాలుగు తలుపులదైతే అక్కడక్కడా కనపడుతుంది, రెండు తలుపులది నేను చూసి ఎన్నేళ్లయిందో. ఉన్నదెక్కడో కాదు, మన యర్రగొండపాలెంలోనే. అయినా ఒక్క బిడ్ లేదు. జనానికి కళ్లున్నాయి గానీ చూపు లేదు. మార్కాపురంలో స్పేర్ పార్ట్స్ దుకాణంలో కూర్చుని నేను కనిపెట్టేది వాళ్లెవరూ కనిపెట్టలేరు.

ఎడమ తలుపు కింద, గడపకు పూసినట్టు, మందంగా పసుపు. ఎప్పటి ఆయుధపూజదో. కడిగితే పోతుంది.

సాహితికి చూపించాను. ఎనిమిదో నెలలో ఉండే పెళ్లాన్ని పెట్టుకొని ఈ ఇనుము పిచ్చి ఏంది నీకు అంది. ఇది అమ్మితే పది కాన్పులు చేయించొచ్చు అన్నాను. ఆ మాట ఆమెకు నచ్చలేదు.

జూన్ 6

గెలిచాను. చివరిదాకా ఒకే ఒక్క బిడ్. నాదే.

జూన్ 9

మా దుకాణానికి సరుకు తెచ్చే నరేంద్ర లారీలో వెళ్లాం. అమ్మిన జీవన్ కుమార్ హైదరాబాద్‌లో ఉంటాడు, రాలేదు. కొట్టం దగ్గర వాళ్ల అవ్వ రోశమ్మ ఒక్కతే ఉంది. ఎనభై దాటి ఉంటాయి. అడ్డం పడలేదు, ఏడవలేదు. మీ ఇంట్లో కడుపుతో ఉండేటోళ్లు ఎవురన్నా ఉండారా నాయనా అని మాత్రం అడిగింది. లేరవ్వా అన్నాను. ఎందుకన్నానో! ఉన్నారంటే బేరం చెడుతుందేమో అనిపించింది, అంతే. ఆమె కారు మీద చెయ్యి వేసి, వంగి ఏదో చెప్పింది. నాకు వినపడలేదు.

కారు ఎక్కించే ముందు నరేంద్ర చెప్పులు విడిచాడు. నవ్వాను. వాడు నవ్వలేదు.

జూన్ 10

పలకల ఫ్యాక్టరీ పాత షెడ్డులో పెట్టి కడిగాను. పసుపు పూత మీద పూత, ఏళ్ల తరబడిది. నీళ్లకు లొంగలేదు, గీకాల్సి వచ్చింది. అడుగున లేతాకుపచ్చ పెయింట్, ఒరిజినల్! ఎడమ సీటు కింద కుక్కి కుక్కి పెట్టిన రవికె గుడ్డలు, ఎర్ర గాజులు. అన్నీ మూటగట్టి చెత్తబండిలో వేశాను.

చేతులకు అంటిన పసుపు పోవడం లేదు. మూడుసార్లు సబ్బు పెట్టాను.

జూన్ 12

పాత కార్లు సేకరించే బెంగళూరాయన ఒకాయన ఫొటోలు చూసి ఎగిరి గంతేశాడు. నేను పెట్టినదానికి పది రెట్లు. ఎల్లుండి వస్తానన్నాడు.

సాహితికి కాళ్లు వాచాయి. తలనొప్పి అంటోంది.

జూన్ 13

నరేంద్ర ఈరోజు నోరు విప్పాడు. రోశమ్మ కోడలు రమణి, నలభై ఏళ్ల కింద, నొప్పులతో మార్కాపురం ఆసుపత్రికి వస్తూ ఆ కారులోనే, ఆ ఎడమ సీటులోనే పోయిందట. కడుపులో బిడ్డతో సహా. అప్పటినుంచి ఆమె పేరంటాలమ్మ, కడుపుతో ఉన్నవాళ్లను కాచే దేవత. చుట్టుపక్కల నెలలు నిండిన ఆడవాళ్లంతా వెళ్లి, ఆ తలుపుకు పసుపు పూసి, రవికె గుడ్డ పెట్టి, నన్ను బిడ్డతో ఇంటికి చేర్చు తల్లీ అని మొక్కుకుంటారట. ఆ వేలం ఫొటో ఇక్కడ అందరి ఫోన్లలోనూ తిరిగిందట. చూసినోళ్లు ఎవ్వురూ చెయ్యి పెట్టలే అన్నా అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదురా అని అరిచాను. తెలిసే కొన్యావనుకుంటి, వదినె కోసమేమో అనుకుంటి అన్నాడు.

నా ఒక్కడికే కనపడిందనుకున్నాను. కనపడనిది నా ఒక్కడికే. భయం వేస్తోంది.

జూన్ 14, ఉదయం

సాహితికి బీపీ బాగా పెరిగింది. వెంటనే ఒంగోలు తీసుకెళ్లమంది డాక్టరమ్మ. అంబులెన్స్ ఎక్కుతూ సాహితి నా చేతులు చూసింది. ఆమెకూ ఎవరో చెప్పేశారు. ముందు ఆ కారు ఇచ్చేసిరా, ఆ తర్వాతే నా కాడికి రా అంది. వాళ్లమ్మ తోడు వెళ్లింది. బెంగళూరాయనకు రావద్దని మెసేజ్ పెట్టాను.

సాయంత్రం 5.00

కారు కొట్టంలో దించాం. కిలో పసుపు కొనుక్కెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని తలుపుకు నేనే పూశాను. రోశమ్మ కాళ్లు పట్టుకున్నాను. మా ఆవిడకు ఎనిమిదో నెల అవ్వా, ఆ రోజు అబద్ధం చెప్పాను, పేరంటాలమ్మతో చెప్పు అన్నాను.

రోశమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది. ఎంత పని చేస్తివి నాయనా, లేరని నువ్వే అంటివి గదా అంది. ఆ ఇంట్లో కడుపుతో ఎవురూ లేరంట, నువ్వు కావలుండే పని లేదు, ఇంక పండుకో తల్లీ అని ఆ పొద్దే నా కోడలికి చెప్పి పంపితిని గదా అంది.

సాయంత్రం 6.20

ఒంగోలు నుంచి ఫోన్. మూడోసారి మోగుతోంది. నా చేతుల నిండా పసుపు.