సిందూరం పూసిన రాయి

వినోదా, నా కాలు బెణికింది, విరగలేదు. ఫోన్ పగిలింది కాబట్టి ఈ కార్డు.

వారమంతా మిల్లులో పత్తి మోసి నడుములు పడిపోయినా, ఆదివారం భైంసా బయట మిల్లు వాళ్లమంతా రాతి గుండ్లెక్కే పందెం పెట్టుకున్నాం. పెద్ద గుండుకు మెట్టులాంటి చిన్న రాయి ఉంది. ఎవరూ ఎక్కకుండా ముందే దానికి సిందూరం పూసి పెట్టాను. అందరూ చెప్పులు విడిచి మొక్కారు. నేను వెనక నుంచి పాకి గెలిచాను. దిగడానికి మాత్రం ఆ రాయే దిక్కు.

"దేవుని మీద కాలు పెడ్తవా సదన్నా, జర సిగ్గు లేదా?" అని నాతో పనిచేసే రాంచందర్ అడ్డం నిలబడ్డాడు. దూకక తప్పలేదు.

ఈ వారం రాలేను, పత్తి ఏరడానికి కూలీలను పిలువు. నొప్పుల నూనె పంపు. బర్రె ఈనిందా? పిల్లలు చల్లగా ఉండాలి.

నా కాలు నయం కావాలని వీళ్లు వచ్చే ఆదివారం ఆ రాయికే కోడిని కోస్తారట. కూర తిన్నాక నిజం చెబుతాను.

సదానందం