పసుపంటిన నవలల పంపకం

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ పట్టణం, పెర్కిట్‌లో కాపురముంటున్న ఎర్రోళ్ల సువర్ణ అనే నేను, కీర్తిశేషులు గంగారాం భార్యను, అరవై ఏడేళ్ల వయసు దానిని, పసుపు మిల్లులో ముప్పై ఏళ్లు పసుపు కొమ్ములనూ, మండలనే గుండ్రటి దుంపలనూ వేరు చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న దానిని, దేవుని ఎదుట, నా పిల్లల ఎదుట, నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది.

నా తెలివి సరిగానే ఉంది. రుజువు కావాలంటే, ఈ పొద్దున బీపీ గోలీ వేసుకుని మొదలుపెట్టిన నవలలో హంతకుడెవరో యాభై ఎనిమిదో పేజీకే పట్టేశాను. ఈ వీలునామా ఇలా రాయమని నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. నా కొడుకు బతిమాలింది వేరే సంగతి. అది ఆరో అంశంలో వస్తుంది.

వకీలు శ్రీకాంత్ గారు చిత్తుప్రతి చూసి, "అమ్మా, గిండ్ల సగం ముచ్చట్లు కోర్టుకు అక్కర లేవు" అన్నారు. కోర్టుకు అక్కర లేనివి కోర్టు వదిలేసి చదువుకోవచ్చు. నాకు మాత్రం అక్కరే.

1. స్థిరాస్తి. నా రెండు గదుల ఇల్లు, ముందున్న రేకుల షెడ్డుతో సహా, నా కొడుకు ప్రవీణ్‌కు, కూతురు సుస్మితకు చెరిసగం. సుస్మిత దవాఖానలో నర్సు, కాగితాలంటే భయపడదు కాబట్టి ఈ వీలునామా అమలు చేసే బాధ్యత ఆమెదే. పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసే ప్రవీణ్‌కు ఒక షరతు. తన సగం చేతికి రావాలంటే నా నవలల్లో ఏదో ఒకటి మొదటి నుంచి చివరి దాకా చదవాలి. సుస్మిత ఐదు ప్రశ్నలు అడుగుతుంది. నాలుగింటికి సరైన జవాబు చెప్పాలి. "హీరో మంచోడు" అనేది జవాబుగా పరిగణించబడదు. ప్రతి నవలలోనూ హీరో మంచివాడే.

2. చరాస్తి, అనగా నవలలు. నా ఇనుప సందుగలో నూట పద్దెనిమిది నవలలు ఉన్నాయి. అన్నీ క్రైస్తవ నవలలే. ప్రతిదాంట్లో కొంత ప్రేమ, కొంత పాతకాలపు చరిత్ర, ఒక రహస్యం, పేజీకొక బైబిలు వాక్యం ఉంటాయి. ముప్పై ఏడో ఏట మందిరంలో సాయంత్రం బడికి పోయి, బైబిలు చదువుకోవడానికని అక్షరాలు నేర్చుకున్నాను. బైబిలు చదివాను. ఆ తర్వాత పాస్టరమ్మగారు ఒక నవల చేతిలో పెట్టారు. ఆ నవలలో భార్య పోయిన డాక్టరు గుర్రం మీద వస్తాడు. తల్లిదండ్రులు లేని టీచరమ్మ కిటికీలోంచి చూస్తుంది. ఇద్దరూ నూట తొంభై పేజీల దాకా ప్రార్థన చేసుకుని, ఆ తర్వాత చెయ్యి పట్టుకుంటారు. నేను ఆ రోజు అన్నం మాడబెట్టాను.

మిల్లులో తిండి వేళ తోటి ఆడవాళ్లకు చదివి వినిపించేదాన్ని. ఆ డాక్టరు కథలో ఊరంతా మంచు కురిసిందని చదివితే, "మంచంటే గా ఐసుగోలకు గీరినట్టు ఉంటదా?" అని అడిగారు. అవునన్నాను. అయితే ఆ డాక్టరు గుర్రానికి జలుబు చేయదా అని అడిగారు. ఆ సంగతి నవలలో రాయలేదు. మధ్యాహ్నమంతా మేము ఆ గుర్రం గురించే మాట్లాడుకున్నాము.

పసుపు చేతులతో చదివినందువల్ల పుస్తకాలన్నీ అంచుల వెంట పచ్చగా ఉంటాయి. పురుగు మాత్రం ఒక్కదాన్నీ ముట్టలేదు. కింద చెప్పినవి పోగా మిగిలినవన్నీ సుస్మితకు దఖలు పరుస్తున్నాను. కడగవద్దు.

3. మా పాస్టరయ్యగారికి. ఆయన నాలుగేళ్ల కింద ఒక ఆదివారం, నవలలు ఆత్మకు చెరుపని నలభై నిమిషాలు ప్రసంగించారు. మంగళవారం మా ఇంటికి వచ్చి, పరిశీలన నిమిత్తమని మూడు నవలలు తీసుకుపోయారు. పరిశీలన ఇంకా ముగియలేదు. ఆయన దొంగ అనిపించుకోకూడదు కాబట్టి ఆ మూడు నవలలనూ ఇందుమూలంగా ఆయనకే ఇచ్చివేస్తున్నాను. నాలుగోది అడిగితే ఇవ్వవద్దు.

4. మా ఆడబిడ్డ రత్నవ్వకు. ఈ అంశం రెండుసార్లు రాశాను. మొదటిసారి రాసింది కొట్టివేశాను.

విషయం ఏమిటంటే, 'కోటలో కొవ్వొత్తి' అనే నవలను మా ఆయన బతికుండగా కొన్నాను. అది కట్ట అడుగున ఉండిపోయింది. ఆయన పోయిన ఐదేళ్లకు చదవడానికి తీశాను. పాతకాలపు బందరు కోటలో మందిరపు వెండి గిన్నె పోతుంది. ఎత్తుకుపోయింది ఎవరు? తెల్లడాక్టరా, వంటవాడా, టీచరమ్మ తమ్ముడా? రెండు రోజులు నాకు తిండి సహించలేదు. తీరా అందరినీ హాల్లో కూర్చోబెట్టిన చోటుకు వచ్చేసరికి చివరి పదహారు పేజీలు లేవు.

ఆ వారమే రత్నవ్వ వదినె అచ్చుకాగితంలో పల్లీలు కట్టుకుని వచ్చింది. నేను ఆలోచించలేదు. "నా కథ చింపి పల్లీలు కడుతవా?" అని వాకిట్లో నిలబడి అరిచాను. ఆమె పల్లీలు అక్కడే పారబోసి వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడేళ్ల పైన మాట్లాడుకోలేదు. మందిరంలో ఆమె కిటికీ పక్కన, నేను తలుపు పక్కన కూర్చునేవాళ్లము. ఒకరితో ఒకరు సమాధానపడమని చెప్పే పాట వస్తే ఇద్దరమూ గొంతు తగ్గించేవాళ్లము.

పోయిన నెల గోడలకు సున్నం వేయడానికి మంచం జరిపితే, దాని పొట్టికాలు కింద మడత పెట్టిన కాగితాల దిండు దొరికింది. విప్పితే నా పదహారు పేజీలు. అప్పుడు గుర్తొచ్చింది. మంచం ఊగుతుంటే అక్షరాలు ఊగుతున్నాయని నేనొకసారి మా ఆయన మీద విసుక్కున్నాను. ఆయనకు చదువు రాదు. వెనక పేజీలైతే పనికిరానివి అనుకున్నాడేమో, పాపం. నేను కుదురుగా చదువుకోవాలని నా కథనే చింపి నా మంచం కింద పెట్టాడు. నేల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత నవ్వాను. సున్నం వేసేవాళ్లు భయపడి సుస్మితకు ఫోన్ చేశారు.

అందుకని మొదటిసారి ఈ అంశంలో రత్నవ్వ వదినెకు క్షమాపణ రాసి, ఆ నవలను పేజీలు కుట్టించి ఆమెకు ఇస్తున్నానని రాశాను. వకీలుగారు చదివి, "ఆమె యాడుంటదమ్మా?" అన్నారు. మా ఇంటికి రెండు గల్లీల అవతల అన్నాను. "మరి సచ్చిపోయినంక చెప్పుడెందుకు? పోయి చెప్పరాదుండ్రి" అన్నారు. పోయాను. ఆమె బియ్యం చెరుగుతోంది. మంచం కాలు సంగతంతా చెప్పి, "తప్పు నాదే వదినె" అన్నాను.

ఆమె చాట పక్కన పెట్టి, "నేను చింపలే. గానీ నువ్వు నన్నట్ల అన్నవని, మర్నాడు నువ్వు లేనప్పుడొచ్చి ఇంకో బుక్కుల రెండు పేజీలు చింపిన. దేవుని తోడు" అంది. గూట్లోంచి ఆ పేజీలు తెచ్చి ఇచ్చింది. చదువు రాదు కాబట్టి చూసుకోలేదు. చింపింది పుస్తకం వెనక ఉండే ప్రకటనలు. మేమిద్దరం బియ్యంలో పడి నవ్వాము.

నవల నీకే రాస్తున్నానంటే ఆమె, "నాకు రాసియ్యకు. నువ్వు బతికుండంగనే సదివి వినిపియ్యి" అంది. కాబట్టి ఈ అంశం కింద ఆమెకు ఏమీ రాదు. మంగళవారం నుంచి చదవడం మొదలవుతుంది.

5. పోచంపాడ్‌లో ఉంటున్న భూమేశ్వర్ గారికి. వీరు కాలువ గేట్లు ఎత్తీ దించీ పింఛను తీసుకుంటున్న లష్కర్. మా మతస్థులు కారు. అయినా ఈ పుస్తకాలు నాకన్నా శ్రద్ధగా చదివారు.

'కోటలో కొవ్వొత్తి' చివరి పేజీలు లేవని తెలిసిన కొత్తలో, చేపలమ్మే పోచవ్వ నా చేతిలోని నవల అట్ట చూసి, "గీ బొమ్మున్న బుక్కు మా పోచంపాడ్‌ల లష్కర్ తాన సూసిన" అంది. మర్నాడే బస్సెక్కి వెళ్లాను. ఆయన ఇంటి ముందు కూర్చుని వల కుట్టుకుంటున్నారు. వచ్చిన పని చెప్పాను. ఆయన లోపలికి పోయి పుస్తకం తెచ్చారు. దానికి చివరి పదహారు పేజీలు భద్రంగా ఉన్నాయి, మొదటి నలభై లేవు. కోట పేరు చూసి నిధి కథ అనుకుని కొన్నారట.

నేను చెయ్యి చాపితే ఆయన పుస్తకం వెనక్కి తీసుకున్నారు. "ముందుగాల మీ నలభై పేజీలియ్యుండ్రి. గా పిల్ల ఎవరో, గా డాక్టర్ ఎందుకొచ్చిండో తెల్వకుంట, దొంగ పేరు తెలిసి నాకేం ఫాయిదా?" అన్నారు. న్యాయమే. వేపచెట్టు కింద చెరో అరుగు మీద కూర్చుని పుస్తకాలు మార్చుకుని చదివాము. నేను ముందు ముగించాను. దొంగ, మందిరంలో గంట కొట్టేవాడు! వాడి మీద నాకు అనుమానమే రాలేదు. "అయ్యో, వీడా!" అని అరిచాను. ఆయన రెండు చెవులూ మూసుకుని, "చెప్పకుండ్రి, చెప్పకుండ్రి" అని లేచి కాలువ కట్ట దాకా నడిచి వెళ్లారు.

ఆ రోజు నుంచి పోచవ్వ గంపలో నా నవలలు పోచంపాడ్ పోవడం, చేపల వాసనతో తిరిగి రావడం మొదలైంది. ఆయన అంచుల మీద పెన్సిలుతో రాసేవారు. "గీ డాక్టర్ గింతసేపు ప్రార్థన చేస్తే రోగి బతుకుతడా?" అని ఒకచోట. దాని కింద నేను, "బతికిండు. 88 చూడుండ్రి" అని రాసి పంపాను. ఒకసారి, "మీ బుక్కులు పట్టుకుంటే పెండ్లి పిల్లగాని లెక్క నా చేతులు పచ్చగైతున్నయి" అని రాశారు. దానికి నేను జవాబు రాయలేదు. కానీ ఆ పేజీ చాలాసార్లు తీసి చూశాను.

పోయిన అక్టోబరులో తిరిగొచ్చిన నవల రెండు వందల పన్నెండో పేజీలో హీరో మోకాళ్ల మీద కూర్చుంటాడు. దాని పక్కన ఇలా ఉంది: "నాకు మోకాళ్లు వంగవు. నిలవడే అడుగుతున్న. సువర్ణా, నన్ను చేసుకుంటవా?" మూడేళ్లుగా నన్ను మీరు అన్న మనిషి, ఆ వాక్యంలో మొదటిసారి నువ్వు అన్నారు.

ఈ నవలను, నా కళ్లద్దాలను, పెన్సిలు చెక్కుకునే చిన్న కత్తిని భూమేశ్వర్ గారికి ఇస్తున్నాను. పుస్తకాలు మోసిన పోచవ్వకు నా పెద్ద గొడుగు.

6. నా కొడుకు బతిమాలిన సంగతి. పిల్లలిద్దరికీ ఆ పేజీ చూపించాను. సుస్మిత చదివి, "ఏం చీర కడుతవమ్మా?" అని అడిగింది. ప్రవీణ్ లేచి నిలబడ్డాడు. "గీ వయసుల గీ పని ఏందే అమ్మా? దుకాణానికొచ్చేటోళ్లు నవ్వుతరు. బుక్కులు సదివి సదివి ఖరాబైనవు. నీ కాల్మొక్త, వద్దను" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. తండ్రి పోయిన రోజు నా పక్కనుంచి కదలలేదు. అందుకే నాలుగు నెలలుగా పేజీ కింద ఏమీ రాయలేకపోయాను. వద్దని రాయడానికి రెండుసార్లు పెన్సిలు తీశాను. దాని మొన విరిగింది. నేనే విరిచాను.

7. ఇక్కడిదాకా రాసి ఈ రోజు వకీలుగారికి చూపించాను. ఐదో అంశం దగ్గర ఆయన ఆగారు. "అమ్మా, ఒక్క మాట. మీరు క్రిస్టియన్లు. మీ కానూన్ ప్రకారం వీలునామా రాసినంక పెండ్లి చేసుకుంటే, గా వీలునామా రద్దయితది. జర సోచాయించి సంతకం పెట్టుండ్రి" అన్నారు.

ఎంత రద్దవుతుందని అడిగాను. మొత్తం అన్నారు. నాలుగు రోజులు చెయ్యి నొప్పి పెట్టేలా రాశాను, నాకు కోపం రావాలి. రాలేదు. పక్క దుకాణం వంశీ తెచ్చిన చాయ్ తాగాను. ఇల్లు, సందుగ, గొడుగు, అన్నీ నేను లేనప్పటి కోసం ఇంత వివరంగా రాశాను. ఉన్నప్పటి కోసం ఒక్క ముక్కా రాయలేదు. వకీలుగారి బల్ల మీది పెన్సిలు తీసుకుని, నా సంచిలోని ఆ నవల తెరిచి, రెండు వందల పన్నెండో పేజీ కింద, "చేసుకుంట. నిలవడి అడిగినా సరే. గానీ దొంగ పేరు ముందే చెప్పొద్దు" అని రాశాను. పుస్తకం మధ్యాహ్నం బస్సుకు పోచవ్వతో వెళ్లిపోయింది.

మతాలు వేరు కాబట్టి ఆఫీసులో ముప్పై రోజుల నోటీసు పెట్టాలట. కనుక ఈ వీలునామా పెళ్లి అయ్యేదాకా మాత్రమే నిలుస్తుంది. ఈలోగా దేవుడు పిలిస్తే పైన రాసినట్టే పంచుకోండి. పిలవకపోతే, పిల్లలారా, ప్రస్తుతానికి మీకేమీ రాదు. పెళ్లికి రండి. ప్రవీణ్, దుకాణం మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని రా. నవ్వేవాళ్లకు భోజనం పెడదాము.

పైన రాసినదంతా చదువుకుని, రెండు రాత తప్పులు దిద్దుకుని, సంతోషంగా చేసిన సంతకం.

ఆర్మూర్, 17 ఫిబ్రవరి 2025, సోమవారం

(సంతకం) ఎర్రోళ్ల సువర్ణ

సాక్షులు:
1. రత్నవ్వ, పెర్కిట్. ఎడమ బొటనవేలి ముద్ర. వాటా ఉన్నవాళ్లు సాక్షి కాకూడదని చెబితే, "నాకు వాటా లేదు, ఏదీ గా సిరా?" అని వేసింది.
2. వంశీ, చాయ్ దుకాణం, ఆర్మూర్. (సంతకం)