పోతయ్య బావ ఆన్సర్ చెయ్యలేదు

జూలై 5, 1999. సోమవారం. గిలకలదిండి.

శుభారంభం! రొయ్యల కంపెనీ ఆయన పంతొమ్మిదో తారీఖున బందరు వస్తున్నాడు. కొచ్చిన్ మనిషి, తెలుగు రాదు. ఒడ్డున సరుకు చూసి కొనిపెట్టడానికి ఇక్కడి మనిషి ఒకడు కావాలట. సరుకు నాకు కొట్టిన పిండి. రోజూ చేపల వేలంపాట పాడేది నేనేగా! లోటల్లా ఇంగ్లీషే. ఐదో క్లాసులో నేనూ బడీ ఒకళ్ళనొకళ్ళు వదిలేసుకున్నాం.

పక్కింటి నతానియేలు కూతురు నిస్సీ బందర్లో డిగ్రీ చదువుతోంది. ఉపాయం చెప్పింది.

"బాబాయ్, మొత్తం ఇంగ్లీషు పెట్టుకోకు. ఒక్క మాట పట్టుకో. ఆన్సర్. దాన్ని ఎన్ని రకాలుగా వాడతారో నేను చెప్తా. కానీ ఒక షరతు. ఈ రెండు వారాలూ ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పాలి. వెటకారం కుదరదు."

ఒప్పుకున్నాను. మా ఆవిడ సుబ్బాయమ్మ విని, చేప తోముతున్న చెయ్యి ఆపి మరీ నవ్వింది.

"నువ్వా? తిన్నగానా? పీతని నడవమను ముందు."

జూలై 6.

ఆన్సర్ ద ఫోన్. మోగితే ఎత్తడం. తేలికే. మనకి ఫోన్ లేదు.

ఆన్సర్ ద డోర్. ఎవరో తలుపు కొడితే వెళ్ళి తియ్యడం. మన దగ్గర తలుపు కొడితే "ఎవరదీ?" అని మంచం మీంచే అరుస్తాం. ఇంగ్లీషువాళ్ళు లేస్తారన్నమాట. పాపం.

జూలై 7. సాయంత్రం.

"ఆన్సర్ మీ" అనాలట. మధ్యలో "టు" పెడితే వేరే అర్థం. ఆన్సర్ టు అంటే పైవాళ్ళకి సంజాయిషీ చెప్పుకోవడం.

"మరి మీ పిన్నికో?" అనడిగాను.

"పిన్నికి టు పెట్టెయ్ బాబాయ్."

బ్రహ్మాండమైన టీచరు!

జూలై 8.

ఆన్సర్ బ్యాక్. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం. ఇది మా ఇంట్లో ఎవరికీ నేర్పక్కర్లేదు.

ఆన్సర్ ఫర్. చేసిన తప్పుకి తానే జవాబుదారీ కావడం. దీంతో నాకేం పని? వదిలేశాను.

నాలుగు రోజులు. ఒక్క జోకు లేదు. పాట దగ్గర జనం "ఒంట్లో బాలేదా గణపతీ?" అని అడిగారు. "బాగానే ఉంది" అన్నాను, తిన్నగా. ఎవరూ నమ్మలేదు.

జూలై 9.

జవాబు రావాలంటే ముందు ప్రశ్న ఉండాలి కదా. నిస్సీ ఒక ప్రశ్న నేర్పింది. వేర్ ఆర్ యూ గోయింగ్? ఎంత బావుందో! రేపట్నుంచి కనబడ్డవాడికల్లా ఇదే.

జూలై 10. శనివారం.

రాయడానికి చెయ్యి రావడం లేదు.

తెల్లారగట్ల అరుగు మీద కూర్చుని ప్రశ్న బట్టీ పడుతున్నాను. మా వీధి పోతయ్య బావా, అతని మనుషులూ ఐసూ బియ్యమూ మోసుకుని పడవ మీదికి వెళ్తున్నారు.

"వేర్ ఆర్ యూ గోయింగ్, పోతయ్య బావా?"

ఆగారు. అర్థం కాలేదు. అర్థం కానందుకు నాకెంత సంతోషం! అర్థం కూడా చెప్పాను.

"ఎక్కడికి వెళ్తున్నావు అని!"

అన్నాక తెలిసింది ఏమన్నానో. వేటకి బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడగడం! పసిపిల్లలు కూడా అడగరే!

అందరూ బరువులు దించారు. వెనక్కి వచ్చి కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. మళ్ళీ లేచేసరికి పోటు తీసేసింది, సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ దాటే నీళ్ళు లేవు. మిగతా పడవలన్నీ వెళ్ళిపోయాయి.

పోతయ్య నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సముద్రం మీద కూడా వేళాకోళమేనా, గణపతీ?"

ముప్పై ఏళ్ళుగా బావా అనేవాడు. ఇవాళ గణపతీ అన్నాడు.

జూలై 12.

వెళ్ళిన పడవలకి టైగర్ రొయ్య పడింది. పోతయ్య పడవకి మర్నాటి వేటలో నాలుగు గవ్వలూ ఒక పాత చెప్పూ దక్కాయి.

కావాలని చెయ్యలేదని ఒడ్డున నలుగురికీ చెప్పాను. "భలే వేశావు!" అని వీపు చరిచారు. ఒట్టేశాను. ఇంకా నవ్వారు. పోయినేడు అతని గొడుగులో రొయ్యపొట్టు పోసింది నేనే కదా, ఇప్పుడెవరు నమ్ముతారు?

పోతయ్య తలుపు కొట్టాను. నో ఆన్సర్. లోపల దగ్గు వినబడింది.

జూలై 13.

ఇంగ్లీషు పాఠం లేదు. వాన.

జూలై 14.

వాన లేదు. గొంతు బాలేదు. పాట పాడేవాడికి గొంతు ముఖ్యం.

జూలై 15.

గుడివాడ నుంచి వచ్చిన ఒకాయన పండుగప్ప చేపని చూపించి "ఇది తాజాదేనాండీ?" అన్నాడు.

"పెళ్ళిచూపులకి బయల్దేరిందండీ, దారిలో మీరు ఆపారు."

ఒడ్డంతా నవ్వింది. నిష్ఠ గోవింద! పోన్లే, పది రోజులు ఆపుకున్నా, అదీ గొప్పే.

కానీ గుంపులో పోతయ్య లేడు. ఎప్పుడైనా ముందుగా నవ్వేది అతనే. జోకు సగమే పేలినట్టుంది.

జూలై 17.

"ఆ పిల్ల ఆన్సర్ ఫర్ అని ఏదో చెప్పిందన్నావుగా," అంది సుబ్బాయమ్మ. "అక్కర్లేదని వదిలేశావుగా. వెళ్ళు. నవ్వించకుండా మాట్లాడి రా."

వెళ్ళాను. వల అల్లుతున్నాడు.

"బావా, అది వేళాకోళం కాదు. ఇంగ్లీషు మోజులో ఒళ్ళు తెలియలేదు. తప్పు నాదే."

తలెత్తలేదు. వలలో ఒక ముడి తప్పు పడింది, దాని మీద మంచి జోకు నోటిదాకా వచ్చింది. మింగేశాను. ప్రాణం పోయినంత పనయింది.

అతను ఆ ముడి విప్పి మళ్ళీ వేసుకున్నాడు. వచ్చేశాను.

జూలై 19. సోమవారం.

బందరు ప్రయాణం. ఇస్త్రీ చొక్కా. సుబ్బాయమ్మ ఎదురొచ్చింది. ఆటో నిండిపోయి, నా ఒక్కడి కోసమే ఆగింది. కాలు ఎత్తాను.

వెనక నుంచి ఊరంతా వినబడేలా:

"వేర్ ఆర్ యూ గోయింగ్, బావా?"

అరుగు మీద పోతయ్య! వల పక్కన పడేసి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "ఎక్కడికి వెళ్తున్నావు అని!" అని అర్థం కూడా చెప్పాడు, అచ్చం నాలాగే.

ఆటో వెళ్ళిపోయింది. ఇంట్లోకొచ్చి కూర్చున్నాను. నీళ్ళు తాగాను. ఇంత తియ్యటి నీళ్ళు ఎప్పుడూ తాగలేదు.

వీధిలో మోపెడ్ హారన్.

"తాగావా? ఎక్కు. నేను దింపుతా."

దారి పొడుగునా తిట్టాడు. బావా అనే తిట్టాడు.

కంపెనీ ఆయన చాలా ప్రశ్నలు వేశాడు. అన్నాళ్ళ తపస్సు, అందులో ఆన్సర్ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు! తర్వాత చెప్తామన్నాడు. అది మాత్రం బాగా అర్థమైంది.

జూలై 20.

తెల్లారగట్ల పోతయ్య వేటకి వెళ్ళాడు. నోట్లో తువ్వాలు కుక్కుకుని తలుపు వెనక నిలబడ్డాను. పడవ మొగ దాటాకే తీశాను.

నిస్సీ కొత్త మాట ఇస్తానంది. ఆస్క్. ఎవరిని ఎప్పుడు అడగకూడదో ముందు అది చెప్పమన్నాను.

మళ్ళీ మొదలు. ఈ క్షణం నుంచి అడిగినదానికి తిన్నగా జవాబు. వెటకారం లేదు. ఈసారి తప్పను.

"ఏవయ్యా, ఏం రాస్తున్నావు?" అంది సుబ్బాయమ్మ వంటింట్లోంచి.

"వీలునామా. ఆ అట్లకాడ నీకే రాశాను."

రేపట్నుంచి మొదలు.