రత్నమ్మ గారూ, నీళ్లు పెట్టండి

రత్నా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ ఫోన్‌లోని సేద్యం యాప్ ఇంకా రోజూ పొద్దున్నే "రత్నమ్మ గారూ, టమాటాకు నీళ్లు పెట్టండి" అంటోంది. యంత్రాన్ని నమ్మొద్దని పుంగనూరు ప్రార్థన కూటంలో గొంతు చించుకున్నవాణ్ణే అయినా, అది నిన్ను పిలుస్తోందని ప్రతిసారీ మోటారు వేశాను.

పక్క చేను మునెప్ప నిన్న గట్టు మీద నిలబడి అడిగాడు: "వాన పడినాక కూడా నీళ్లు యాల కడ్తాండావప్పా? వేర్లు కుళ్లిపోతాండాయి సూడు. కూటాల్లో అంత కేకలేస్తావే, మట్టి తాకి సూసేదానికేమి?"

మదనపల్లె మార్కెట్టుకు పోవాల్సిన పంటలో సగం వాడిపోయింది. రాత్రి బైబిలు తెరిచాను, చదివిందేమీ లోపలికి పోలేదు. యాప్‌లో నీ పేరు తీసి నాది పెట్టాను.

ఈ ఉదయం అది నన్ను పిలిచింది. చేనికి పోయి మట్టి తవ్వి చూశాను. తడిగానే ఉంది. మోటారు వేయలేదు.