ఖెర్సోన్‌లో వరద

7 జూన్ 2023, బుధవారం రాత్రి

నిన్న ఎగువన ఆనకట్ట పగిలింది. ఖెర్సోన్ పల్లమంతా నీళ్లేనట. అక్కడి నా పాత స్నేహితుడు మికోలా ఇల్లు మెరక మీద ఉంది కాబట్టి సరిపోయింది. వాడి చెల్లెలు మాత్రం నదికి అవతలి గట్టున ఇంటి కప్పు మీద కూర్చుని ఉంది.

నేను ఓడలో వంటవాడిగా ఉన్న రోజుల్లో మరమ్మతుకని ఆ ఊళ్లో రెండు నెలలు ఆగాం. ఓడలు కట్టించడానికి ఓ మహారాణి వేయించిన ఊరది. అక్కడా నది పాయలై సముద్రంలో కలుస్తుంది. మనం కొబ్బరికాయ గురించి కోసే కోతలన్నీ వాళ్లు పుచ్చకాయ గురించి కోస్తారు. రేవులో క్రేను నడిపే మికోలా నాచేత ఒక్క పూటలో నాలుగు కాయలు తినిపించాడు. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

వాడి కబురు మా కోడలు ఫోనులో తెలుగు చేసి చదివింది. గోదావరి లంకలో పుట్టినవాణ్ని, వరదొస్తే ఏం చెయ్యాలో నాకొకరు చెప్పాలా?

"పడవేసుకెళ్లి దింపుకురమ్మనమ్మా" అన్నాను.

"పడవ కనబడితే కాల్చేస్తన్నారంటండి మావయ్యగారూ. రెండు సైన్యాలకీ మధ్యన ఆ ఏరేనంట."

"చీకట్లో వెళ్లమను."

"ఆయ్, అదీ అడిగేనండి. రాత్రి వెళ్లినోళ్లు ఇంకా రాలేదంట."

నా డెబ్భై ఏళ్ల వరద జ్ఞానం అక్కడితో అయిపోయింది.

కాసేపాగి వాడే అడిగాడు, మీ గోదావరి వరద ఎన్నో రోజుకి తీస్తుందని. మూడో రోజుకని రాయించాను. వానలకొచ్చే వరద నాకు తెలుసు. ఆనకట్ట పగిలి వచ్చిన నీళ్ల సంగతి నాకేం తెలుసు?

చెల్లెలి ఫోనులో కాస్తే చార్జింగు మిగిలిందట. దాంతో వాడు ఆమెకి నా మూడో రోజు మాటే చెప్పాడట.