మురుక్కాల్వ మీద మహాసభ

పటమట,
4-8-1999

చిరంజీవి దుర్గాప్రసాద్‌కు నాయనమ్మ వెంకటరత్నమ్మ ఆశీస్సులు.

"పని మొదలైంది నాయనమ్మా" అని రాశావు. కాలేదు. మొదలైంది మీ సేవాసంఘం మీటింగు. ఎదురింటి అన్వరి గుమ్మం ముందు బండ విరిగి, మురుక్కాల్వ ఇంకా నోరు తెరుచుకునే ఉంది. మోకాలి ఆపరేషనైన మనిషి వాకర్ పట్టుకుని ఎలా దాటుతుందిరా? రోజూ నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు మొత్తుకుంటున్నాడు. కొడుకు ముస్తఫా చంటిపిల్లలా ఎత్తుకుని దాటిస్తుంటే సిగ్గుపడి, ఇక గడప దాటనని కూర్చుంది. "బండ సంగతి నాకొదిలెయ్యండి" అని ఆవిడ చేతి సేమ్యా పాయసం తాగి మరీ మాటిచ్చావు. వేయించు.

ఇట్లు,
వెంకటరత్నమ్మ

తా.క.: కరపత్రం అందింది. కాల్వ మీద పరిచి చూశాను. బరువుకు ఆగలేదు.

గన్నవరం,
9-8-1999

పూజ్యురాలైన నాయనమ్మకు నమస్కారాలు.

నీ కోపం అర్థమైంది. వీధిలో సగంమందికి చదువు చెప్పిన టీచరమ్మవి, కరపత్రంలో నీ పేరు లేకపోవడం ఘోరమైన తప్పు. రెండో కరపత్రంలో సభాధ్యక్షురాలివి నువ్వే. అన్వరిగారి కష్టం గురించి మా అధ్యక్షుడు సంజీవరావుగారు గంటసేపు మాట్లాడారు. అందరం కళ్లు తుడుచుకున్నాం.

నీ మనవడు,
ప్రసాద్

తా.క.: శాలువా ఏ రంగైతే ఇష్టం?

పటమట,
12-8-1999

దుర్గాప్రసాద్‌కు,

ఈసారి 'చిరంజీవి' మానేశాను. ఎంత ఆయుష్షిచ్చినా మీటింగులకే పోస్తున్నావు.

నేను అలిగానని ఎవడు చెప్పాడురా? నేనేమన్నా పెళ్లిపందిట్లో వియ్యపురాలినా? పేరొద్దు, కుర్చీ వద్దు. ఒక బండ, మోయడానికి నలుగురు మనుషులు కావాలి. అంత పెద్ద సంఘంలో వంగే నడుము ఒక్కటీ లేదా? అన్వరి కాలు ఇప్పటికే సగం వంగడం మానేసింది. "పోనీలే అక్కా, పిల్లవాడి మనసు మంచిది" అంటోంది. ఆ మనసు మీద కాలుపెట్టి దాటి చూపించమన్నాను.

వెంకటరత్నమ్మ

తా.క.: ఈ బెజవాడ ఉక్కలో శాలువానా? నన్ను సన్మానిస్తారా, ఉడకేస్తారా?

గన్నవరం,
17-8-1999

నాయనమ్మకు నమస్కారాలు.

నీ బాధ సంజీవరావుగారు పసిగట్టారు. రెండో కరపత్రంలో నీ పేరు సన్నక్షరాల్లో పడింది. అందుకే ఈసారి శాశ్వతంగా ఉండేలా నల్లరాతి మీద చెక్కించాం. నిలువెత్తు శిలాఫలకం, బెత్తెడు మందం! వచ్చే ఆదివారం కాల్వ పనికి శంకుస్థాపన. ఫలకం ముందుగానే మీ ఇంటికి ట్రక్కు ఆటోలో వస్తుంది, భద్రంగా చూసుకో. బండ విషయం రెండో దశలో తప్పక చర్చిస్తాం.

నీ మనవడు,
ప్రసాద్

తా.క.: దింపడానికి మా కుర్రాళ్లు వస్తారు. నువ్వెలా చెబితే అలా చేస్తారు.

పటమట,
20-8-1999

చిరంజీవి ప్రసాద్‌కు ఆశీస్సులు.

రాయి అందింది. మీ కుర్రాళ్లు బుద్ధిమంతులు. "ఎక్కడ దించమంటారు టీచరుగారూ?" అని అడిగారు. చూపించాను. అన్వరి గుమ్మం ముందు కాల్వకు అడ్డంగా ఒదిగి కూర్చుంది. పేర్లున్న వైపు కిందికి తిప్పించాను. చెక్కిన అక్షరాల్లో వాకర్ కాలు ఇరుక్కుంటే మళ్లీ ఆపరేషను. సంజీవరావుగారి పేరు ఇప్పుడు సరాసరి మురుగునే చూస్తోంది. కాల్వ పరిస్థితి ఆయన దగ్గరుండి పరిశీలించవచ్చు.

నిన్న సాయంత్రం అన్వరి తన కాళ్ల మీద తనే నడిచి మా ఇంటికొచ్చింది. కాఫీలో పంచదార తక్కువైందని నాతో దెబ్బలాడి, మళ్లీ తనే నడిచి వెళ్లింది. మీ కరపత్రాలకు లేని అందం ఆ దెబ్బలాటకుంది.

ఇట్లు,
నాయనమ్మ

తా.క.: రాయి ఒక మూల కాస్త ఊగుతోంది. ఆదివారం మైకు మానేసి బొచ్చెడు సిమెంటు, తాపీ పట్టుకురా. పాత చొక్కా వేసుకో.